చెడని తెరకు మరమ్మతు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందు అడిగేది ఏ పనిముట్లు కొనుక్కోవాలని. ఒక పదునైన కత్తి, ఒక పట్టకారు, ఒక దబ్బనం, సీసాలో కాస్త కిరసనాయిలు ఉంటే చాలు. ఇవి నాలుగూ ఒక గోనెసంచిలో పడతాయి. ఆ తర్వాత కావలసింది ఓపిక. అది అంగట్లో దొరకదు, మా మేస్త్రీ దగ్గర కూడా ఉండేది కాదు.

నేను హిందూపురంలో కిటికీ తెరలు అల్లీ, బిగించీ, బాగుచేసీ బతికినవాణ్ణి. వెదురు దబ్బలతో అల్లి, తాడు లాగితే పైకి చుట్టుకుపోయే తెరలే మాకు ముఖ్యం. మా సీమలో ఎండ సంగతి చెప్పనక్కరలేదు. కిటికీ తీస్తే నిప్పులు, మూస్తే ఉక్క. అందుకని తెర లేని ఇంట్లో మధ్యాహ్నం కూర్చోలేరు. ఎవరింట్లో తాడు తెగినా, తెర వంకరపోయినా మాకు కబురొచ్చేది. బస్సెక్కి ధర్మవరం, పెనుకొండ, మడకశిర దాకా పోయేవాళ్ళం.

ఏ ఊళ్ళో ఎన్ని తెరలు కట్టానో నాకు గుర్తులేదు, మీకు అక్కరలేదు. నాకు బుద్ధొచ్చిన సందర్భాలు మాత్రం చెబుతాను. వాటిలో అన్నిటికన్నా కష్టమైనది పెనుకొండలో ఓబులరెడ్డి ఇంటి తెర. ఎందుకంటే అది చెడిపోలేదు. చెడిపోని దాన్ని బాగుచెయ్యమంటే ఎవరి వల్లవుతుంది?

మా మేస్త్రీ

మా మేస్త్రీ పేరు కదిరప్ప. చేతిపని విషయంలో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు. వెదురు చీలిస్తే దబ్బలన్నీ ఒకే మందంలో వచ్చేవి. కానీ ఇంటివాళ్ళు చెప్పేది వినడమంటే ఆయనకు చిన్నతనం. ఇంట్లో అడుగుపెడుతూనే తెర వైపు చూసి, చావుబతుకుల్లో ఉన్న మనిషిని చూసినట్టు తల ఆడించి, "ఎవురు కట్టినారప్పా దీన్ని?" అనేవాడు.

ఒకసారి మడకశిరలో ఒక ఇల్లాలు, "నువ్వే కట్టినావు మేస్త్రీ, పోయిన ఎండాకాలం" అంది. ఆయన కొంచెం కూడా తడబడలేదు. కట్టినప్పుడు బాగానే ఉండిందనీ, ఇంట్లో వాడకం బాగాలేదనీ చెప్పి, మంచినీళ్ళు కూడా అడిగి తాగాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. తెర వంకరగా లేస్తుంటే దబ్బల జోలికి పోకూడదు, ముందు రెండు వైపులా తాళ్ళు కొలవాలి. నూటికి తొంభైసార్లు ఒకటి సాగి ఉంటుంది. తాడు తెగేది ఎప్పుడూ పైన అది దూరే ఇనుప కడియంలో ఒరుసుకునే చోటే, కాబట్టి ఆ చోటు వేలితో తడిమి చూసి, పీచు లేస్తుంటే తెగేలోపే మార్చాలి. పుచ్చు పట్టిన దబ్బ ఒకటి కనబడితే దాని పక్కవి రెండు కూడా తీసెయ్యాలి. ఇవన్నీ ఆయన చెప్పినవే. ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడగాలన్న సంగతి మాత్రం ఆయన్ను చూసి, ఆయన చెయ్యనందువల్ల నేర్చుకున్నాను.

దేవుడు తీసుకుపోయిన జపమాల

హిందూపురంలో ఒక బెల్లం వ్యాపారి బెంగుళూరులో ఎవరో దొర ఇల్లు ఖాళీ చేస్తుంటే రెండు స్ప్రింగు తెరలు కొనుక్కొచ్చాడు. గుడ్డ తెర, పైన కర్రలో స్ప్రింగు ఉంటుంది. కిందికి లాగితే ఆగుతుంది, చిన్నగా గుంజి వదిలితే పైకి పోతుంది. ఈయన తెర మెల్లగా పోయేది కాదు. తుపాకీ పేలినట్టు పోయేది.

మేము వెళ్ళేసరికి ఆ ఇంట్లో అవ్వ పీట వేసుకుని ఆ కిటికీకి దణ్ణం పెడుతోంది. ఆమె జపం ముగించి, మాలను తెర కింద వేలాడే కొక్కేనికి తగిలించిందట. తెర పేలింది, మాల మాయమైంది. దేవుడు స్వయంగా వచ్చి తీసుకుపోయాడని వీధంతా చెప్పుకుంది. నలుగురు ఆడవాళ్ళు కొబ్బరికాయలతో వచ్చి కూర్చున్నారు కూడా.

కర్ర దించి గుడ్డ విప్పితే మాల అందులోనే చుట్టుకుని ఉంది. నేను సంబరంగా తీసి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె నన్ను చూసిన చూపు ఇంతవరకూ మరిచిపోలేదు. పోగొట్టుకున్న వస్తువు దొరికితే అందరూ సంతోషిస్తారనుకోకండి.

స్ప్రింగు తెర మరీ విసురుగా లేస్తుంటే బిగువు ఎక్కువైందని అర్థం. పూర్తిగా చుట్టుకున్నాక కర్రను కొక్కేల నుంచి తీసి, గుడ్డను చేత్తో సగం విప్పి, మళ్ళీ కొక్కేల్లో పెట్టాలి. లేవనంటుంటే దీనికి తిరగేసి చెయ్యాలి, అంటే సగం కిందికి లాగి, తీసి, చేత్తో చుట్టి పెట్టాలి. లాగిన చోట నిలవకపోతే కర్ర చివర స్ప్రింగును ఆపే పళ్ళలో దుమ్ము చేరిందన్నమాట. కిరసనాయిలుతో కడిగితే చాలు. దేవుడి ప్రసక్తి ఎక్కడా లేదు, కానీ ఆ మాట అవ్వ ముందు అనకండి.

ధర్మవరంలో పట్టుతాడు

ధర్మవరంలో ముత్యాలప్ప అని చెయ్యి తిరిగిన నేతగాడు. మగ్గం గుంట పక్కనే కిటికీ. నేతకు వెలుతురు కావాలి, పడుగు మీద ఎండ పడకూడదు. ఎండకు రంగు దిగుతుంది, పోగులు తెగుతాయి. అందుకని వాళ్ళ ఇళ్ళలో తెర సరిగ్గా ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి. ఈయన తెర ఆపిన చోట ఆగకుండా జారిపోతుందనీ, ఒకసారి నెత్తిన కూడా పడిందనీ కబురు.

చూస్తే మేము కట్టిన నూలుతాడు లేదు. దాని చోట తళతళలాడే పట్టుతాడు ఉంది. మిగిలిన పోగులన్నీ పేని ఆయనే చేసుకున్నాడు. పట్టు ముడి నిలవదు, ఎంత బిగించినా మెల్లగా జారిపోతుంది. ఆ మాట చెబితే ముత్యాలప్పకు కోపమొచ్చింది. "పట్టు నేసేవాని ఇంట్లో నూలుతాడు వేలాడతాంటే నలుగురూ ఏమనుకుంటారబ్బా?" అన్నాడు.

కదిరప్ప మేస్త్రీ అయితే అక్కడే పోట్లాట పెట్టుకునేవాడు. ముత్యాలప్ప భార్య మాత్రం లోపల్నుంచి వచ్చి, బరువు మోసేదానికి నూలు పెట్టి, చివర కనబడే కుచ్చు మాత్రం పట్టుతో వెయ్యమంది. అట్లాగే చేశాను. ఆ తర్వాత ధర్మవరంలో మరో మూడు నాలుగిళ్ళలో తెరలు నెత్తిన పడితే, అడక్కుండానే పట్టు కుచ్చులు సంచిలో వేసుకుని పోయాను.

పెనుకొండ ఓబులరెడ్డి

ఇక అసలు సంగతి. ఓబులరెడ్డి పెనుకొండలో పెద్ద సేద్యగాడు. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, భుజాన ఉతికిన తువ్వాలు. గట్టు తగాదా వచ్చినా, బావి నీళ్ళ దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నా ఆయన అరుగు మీదికే పోవాలి. ఆయన ఒక్కసారి దగ్గితే ఎదుటివాళ్ళు సగం దారికి వచ్చేవారట. ఆయనకున్న ఆస్తి పొలం అనుకునేవాళ్ళు గానీ, అసలు ఆస్తి ఆ దగ్గే.

ఆయన కబురు పెడితే మేస్త్రీ, నేనూ పోయాం. రెడ్డి మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. ముందుగదికి వీధి వైపు మోకాలెత్తు నుంచి మొదలయ్యే పెద్ద కిటికీ, దానికి మేము కట్టిన దబ్బల తెర.

"ఈ తెర చెడిపోయిండాది. బయటోళ్ళకు లోపల కనపడతాండాది అని నాకు అనుమానం" అన్నాడు.

అనుమానం ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు. కొన్నాళ్ళుగా ఊళ్ళో ఆయన మాట చెల్లడం లేదు. ఆయన వీధిలో పోతుంటే జనం లేచి నిలబడుతున్నారు గానీ నవ్వు ఆపుకుంటున్నారు. మొన్న అరుగు మీద ఒకణ్ణి గట్టిగా గదమాయిస్తే వెనకాల ఎవడో, రెడ్డి చేతుల్లో బలం బాగుందిలే అన్నాడు, అందరూ ఇగిలించారు. ఇందులో నవ్వడానికి ఏముందో ఆయనకు అంతుబట్టలేదు. వచ్చే వారం ఇద్దరు అన్నదమ్ముల బావి తగాదా ఆయన ముందుకు రావాలి. వాళ్ళు కూడా నవ్వితే ఇక ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేనని అన్నాడు. అంత మనిషి గొంతు తగ్గించి ఆ మాట అనడం నాకు బాధగానే అనిపించింది.

నేను తెర అంతా తడిమి చూశాను. ఒక్క దబ్బ కదల్లేదు. వీధిలోకి పోయి చూస్తే లోపల చీకటి తప్ప ఏమీ కనబడలేదు. లోపల ఏం కనబడకూడదని అడుగుదామని నోరు తెరిచేలోపు మేస్త్రీ అడ్డం వచ్చాడు. తల ఆడించి, ఇది సందుల జబ్బు అన్నాడు. బజారు నుంచి తెల్లటి పలుచని గుడ్డ తెప్పించి, తెరకు లోపలి వైపు అస్తరు వేశాడు. పని బ్రహ్మాండంగా వచ్చింది. సూదిమొన పట్టే సందు కూడా లేదు.

నాలుగు రోజులకే మళ్ళీ కబురు. ఇప్పుడు జనం నవ్వు ఆపుకోవడం కూడా మానేశారట.

కాఫీ హోటలు బెంచీ

మేస్త్రీకి పౌరుషం వచ్చింది. తన అస్తరుకు వంక పెట్టిన ఇంటికి తాను రానని నన్నొక్కణ్ణే పంపాడు. అదే మంచిదయింది. పగలు చూడవలసింది చూసేశాం కాబట్టి ఈసారి నేను సాయంత్రం బస్సుకు దిగి, రెడ్డి ఇంటికి పోకుండా, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చున్నాను.

దీపాల వేళకు హోటలు నిండిపోయింది. లోపల కూర్చోవలసిన మనుషులు బెంచీలన్నీ వీధి వైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. చోటు చాలక ఇద్దరు బియ్యం మూట మీద ఎక్కారు. ఎవరికోసం చూస్తున్నారని హోటలాయన్ను అడిగాను. నా సంచి, అందులోంచి తొంగిచూస్తున్న వెదురు దబ్బలు చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"తెరలాయనవా? నీకు పుణ్యముంటాది, మరీ బాగా చెయ్యొద్దప్పా. ఈ నడుమనే నాలుగు దుడ్లు కళ్ళజూస్తాండా" అని, నా ముందు దోసె పెట్టించాడు.

అంతలో రెడ్డి ఇంట్లో కరెంటు దీపం వెలిగింది. ఆ ఊరికి అప్పుడప్పుడే కరెంటు వచ్చింది. ఆ ఇంట్లో ముందుగదికి ఒక్కదానికే బల్బు. దాన్ని పైన ఉంచక, చేతికందేలా తీగ పొడుగ్గా వదిలి, మంచానికి అవతల వేలాడదీశారు. కిటికీకి మేస్త్రీ వేసిన తెల్లగుడ్డ మీద మనుషుల నీడలు, అసలు మనుషుల కంటే రెండింతలు, మీసపు కొనతో సహా తేలాయి. మా పక్క తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు కూడా తెరను అంత బాగా బిగించలేరు.

ఒక ఆడమనిషి నీడ మంచం మీద కూర్చుంది. పెద్ద మీసం నీడ భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి, కింద ముక్కాలిపీట మీద కూర్చుంది. గిన్నెలో చెయ్యి ముంచింది. ఆమె పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది.

బెంచీల మీద సంతోషం అంతా ఇంతా కాదు. ఒకడు, చూడు చూడు, ఇప్పుడు మడమ అంటున్నాడు. రోజూ చూసేవాళ్ళు గనక వాళ్ళకు వరస కూడా తెలుసు. ఊరిని గడగడలాడించే మొగోడు పెళ్ళాం కాళ్ళు పట్టడం ఆ రోజుల్లో ఆ వీధికి ఎంత వింతో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. రెడ్డి భార్య సుబ్బమ్మకు కీళ్ళనొప్పులనీ, లాంతరు రోజుల్లో చీకట్లో వేడి ఆముదం ఒలికిపోయి కాలు బొబ్బలెక్కిందనీ, అందుకే బల్బు అంత కిందికి దించుకున్నారనీ నాకు తర్వాత తెలిసింది.

నాకు అప్పుడు లెక్క తెలిసింది. దబ్బల తెర వెలుతురు ఎటు ఎక్కువుంటే అటువాళ్ళకు కళ్ళు కట్టేస్తుంది. పగలు వీధిలో వెలుతురు, కాబట్టి వీధికి లోపల కనబడదు. దీపం పెడితే లోపలే వెలుతురు, కాబట్టి వీధికి అంతా కనబడుతుంది. లాంతరు గుడ్డివెలుగులో ఎవరికీ తెలియలేదు. కరెంటుతో బయటపడింది. దానికి మా మేస్త్రీ తెల్ల అస్తరు వేసి సందుల్లోంచి తొంగిచూసే బాధ కూడా జనానికి తప్పించాడు. ఇది తెర జబ్బు కాదు. బల్బును కిటికీ గోడకే, తెరకు పైన బిగించి, నల్లటి దళసరి గుడ్డ వేస్తే నీడలు వెనక గోడ మీద పడతాయి, బయటికి ఏమీ రావు. అయిదు నిమిషాల పని.

కానీ దాన్ని రెడ్డికి చెప్పేదెట్లా? ఊళ్ళో ఎవరూ చెప్పలేదంటే భయం ఒకటే కాదు, చెబితే రోజూ చూస్తున్నామని ఒప్పుకున్నట్టే. నేను చెబితే ఆ మనిషి సిగ్గుతో రేపటినుంచి ఆ పీట మీద కూర్చోడేమోనని భయం పట్టుకుంది. బాగయ్యేది తెర. నష్టపోయేది ఆ మంచం మీది మనిషి.

వీధిలోకి వచ్చిన రెడ్డి

అయినా చెప్పక తప్పదు. పిలిచి పని అప్పగించినవాడికి నిజం దాచి ఏదో ఒక గుడ్డ కుట్టి వచ్చేస్తే అది మోసం. మరుసటి సాయంత్రం దీపం వెలిగే వేళకు తలుపు తట్టి, తెరను వీధిలోంచి చూడాలి, ఒక్కసారి బయటికి రమ్మని రెడ్డిని అడిగాను. అప్పటికే ఆముదం వేడిచేసి పెట్టుకున్నట్టుంది, చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు.

రెడ్డి నడివీధికి రాగానే బెంచీలన్నీ ఒక్కసారి లేచాయి. హోటలాయన దోసె పెనం మీదే మాడుతున్నా కదల్లేదు. రెడ్డి వాళ్ళ వంక చూడలేదు. కిటికీ వంక చూస్తున్నాడు.

తెర మీద సుబ్బమ్మ నీడ ఒక్కటే ఉంది. కాసేపు ఎదురుచూసింది. భర్త రాకపోయేసరికి తనే గిన్నెలో చెయ్యి ముంచి, కాలు అందుకోవాలని వంగింది. మోకాలి దాకా వచ్చి నడుం ఆగిపోయింది. మళ్ళీ వంగింది. అందలేదు. ఆ చేతిని అట్లాగే మోకాలి మీద పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె ముఖం కనబడలేదు. బెంచీల దగ్గర ఎవరూ నవ్వలేదు. రోజూ చూసిన ఆటలో ఈ భాగం వాళ్ళకు కొత్త.

"ఎన్నాళ్ళ నుంచి కనపడతాండాది?" అన్నాడు రెడ్డి, నా వైపు తిరక్కుండానే.

"కరెంటు వచ్చినప్పటి నుంచీ సామీ. రేపు బల్బు ఈ గోడకు మార్చి నల్లగుడ్డ ఏస్తా. ఈగకు కూడా కనపడదు."

అప్పుడు మాత్రం రెడ్డి బెంచీల వైపు ఒకసారి చూశాడు. బావి తగాదా అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారు, బియ్యం మూట మీద పక్కపక్కనే, ఎంతో పొందికగా. ఆ చూపుకు వాళ్ళు మూట దిగారు. రెడ్డి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఇక అయిపోయింది, దీపం ఆర్పేస్తాడనుకున్నాను. తెర మీద పెద్ద నీడ వచ్చింది. పీట మీద కూర్చోలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వచ్చింది, ఇంకా పెద్దదవుతుందనుకుంటే తెరకు దగ్గరయ్యే కొద్దీ చిన్నదై మామూలు మనిషంత అయింది. తాడు బర్రుమంది. తెర కింది నుంచి పైదాకా, ఏ మాత్రం వంకర లేకుండా చుట్టుకుపోయింది.

వెలుతురు వచ్చి వీధిలో పడింది. రెడ్డి కిటికీలో నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలు కూడా లేదు. తర్వాత తాపీగా పోయి పీట మీద కూర్చుని, సుబ్బమ్మ కుడిపాదం ఒళ్ళోకి తీసుకుని, అక్కణ్ణుంచే దగ్గాడు. ఆ దగ్గుకు వీధి చివర కుక్క కూడా లేచి నిలబడింది.

"ఈ కాళ్ళు నా ఇంట్లో తిరిగి తిరిగి ఇట్లయినాయి. అందుకే పడతాండా. ఎవనికన్నా అడిగేదుంటే పొద్దున అరుగు మీదికి రండి, చెప్తా."

ఎవరో బెంచీని చప్పుడు కాకుండా లోపలి వైపుకు తిప్పుకున్నారు. రెడ్డి ఇంకా ఏదో అనబోయాడు. మంచం మీద సుబ్బమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంటే సిగ్గుకని అనుకున్నాం గానీ, ఆమె కొంగు సర్దుకున్నది దోమలకు. వీధి వైపు చూడను కూడా చూడలేదు.

"మాట్లాడింది సాలుగానీ, ఇంగో కాలు ఉండాది" అంది.

రెడ్డి గిన్నెలో చెయ్యి ముంచి రెండో కాలు అందుకున్నాడు. నేను సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాను. ఆ ఇంట్లో నాకు పనేమీ లేదు.